మధ్యాహ్నం వంగి, తెల్లారేసరికి నిటారుగా

కడపలో మా మేడమీద షెడ్డు అంచుకు 3 మీటర్ల ఇనుప పట్టీ, దానిపైన అల్యూమినియం పట్టీ, రెండూ కలిపి రివెట్లు. ఏప్రిల్ ఎండకు విల్లులా పైకి లేచేది, తెల్లారేసరికి సర్దుకునేది. చివర్ల రెండు రివెట్లు తెగాయి కూడా. వెల్డింగ్ అన్న లావు రివెట్లు వేద్దామన్నాడు. నాకు నమ్మకం కుదరక లెక్క వేశాను. 40 డిగ్రీలు వేడెక్కితే ఇనుము సుమారు 1.4 మిల్లీమీటర్లు, అల్యూమినియం 2.8 సాగుతాయి. ఒకటి సాగబోతే రెండోది పట్టి ఆపుతోంది, ఆ గుంజులాట అంతా రివెట్ల మీదే! లావువి వేసినా వంపు పోదు.

నడిమి రివెట్ ఒక్కటే ఉంచాను. మిగతాచోట్ల అల్యూమినియం రంధ్రాలను ఆకురాయితో పొడవువైపు కోలగా చేసి, నైలాన్ వాషర్లతో పట్టీ జరగడానికి వీలుగా బోల్టులు కాస్త వదులుగా ఉంచి, అవి ఊడకుండా ఒకదానిపై ఒకటి రెండేసి నట్లు వేసి బిగించాను. మే నెలంతా పట్టీ వంగలేదు.