దసరా రాత్రి ఇరవై మందికి భోజనం: ఎక్కడ తేడా వస్తుంది, ఎలా సర్దాలి

పండగకు బంధువులందరూ అమ్మానాన్నల ఇంటికే వస్తారు. వాళ్లకు వంట చేతకాక కాదు, లెక్క చూసే మనిషి లేక తిప్పలు మొదలవుతాయి. కాబట్టి సాయానికి వెళ్లే కొడుకైనా కోడలైనా, కూతురైనా అల్లుడైనా గరిటె కంటే ముందు పెన్ను, కాగితం పట్టుకోవాలి.

సమస్య: ఎంత అడిగినా అమ్మ "నేను చేసుకుంటానులే" అంటుంది

"ఏం చేయమంటావమ్మా?" అన్న ప్రశ్నే ఆమెకు ఇంకో పని. ఏ పని ఎవరికి అప్పగించాలో ఆలోచించి, చూపించి, మళ్లీ సరిచూసుకునే బదులు తనే చేసుకుంటే త్వరగా తెములుతుంది.

పరిష్కారం: అడగడం మానేసి ఒక వంటకం పూర్తిగా మీ మీద వేసుకోండి. "పులిహోర నాది" అన్నారంటే చింతపండు నానబెట్టడం మొదలు గిన్నె తోమేదాకా మీదే. పులుసు ముందు రోజే చిక్కగా ఉడికించి పెట్టుకుంటే పండగ నాడు అన్నం కలిపి పోపు వేయడమే మిగులుతుంది. ఇంగువ ఎక్కువైందని ఆమె అంటే విని ఊరుకోండి.

సమస్య: మటన్ తేవడానికి వెళ్లిన నాన్న మధ్యాహ్నానికి గానీ ఇల్లు చేరరు

దసరా అంటే తెలంగాణలో మాంసం పండగ. తెల్లవారుజాము నుంచే దుకాణాల ముందు వరుసలు కడతారు. రెండు రోజుల ముందే దుకాణదారుకు ఎన్ని కిలోలు, ఎలాంటి ముక్కలు కావాలో చెప్పి ఉంచండి. ఇతర వంటకాలు ఉన్నప్పుడు ఐదారుగురికి కిలో సరిపోతుంది.

క్యాలెండర్ కూడా చూసుకోవాలి. 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది. గాంధీ జయంతి నాడు హైదరాబాద్ నగరంలో మాంసం అమ్మకాలు ఉండవు కనుక, పండగ ఆ తేదీనే పడితే ముందు రోజే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి.

కూరగాయలకు మోండా మార్కెట్‌కు పంపినా, మెహిదీపట్నం రైతుబజారుకు పంపినా చీటీలో కిలోలు రాసి ఇవ్వండి. నోటిమాటగా చెబితే చవగ్గా దొరికిందల్లా ఇంటికి వస్తుంది.

సమస్య: బగారా అన్నం అడుగున మాడింది, పైన ముద్దయింది

ఎక్కువ తేడాలు ఇక్కడే వస్తాయి. ఇరవై మందికి రెండు నుంచి రెండున్నర కిలోల బియ్యం పడతాయి. ఐదు లీటర్ల కుక్కర్‌లో బియ్యం, నీళ్లు కలిపి సగానికి మించి పోయకూడదు కనుక అందులో ఇది సాధ్యం కాదు. దాంతో అటక మీది పెద్ద గిన్నె దిగుతుంది. ఇంటి పొయ్యి మంట ఆ గిన్నె నడుమనే తగులుతుంది. అంచులు ఉడికేలోగా మధ్యలో మాడుతుంది. రెండో కారణం ఎసరు. కిలోకు పోసే కొలతనే రెండున్నర రెట్లు చేస్తారు. పెద్ద గిన్నెలో ఆవిరై పోయే నీరు ఆ నిష్పత్తిలో పెరగదు, అందుకే మిగిలిన నీటికి అన్నం ముద్దవుతుంది.

పరిష్కారం: రెండు గిన్నెల్లో విడివిడిగా వండండి. ఎసరు మామూలు కొలత కంటే కొంచెం తగ్గించండి. నీళ్లు ఇంకే దశలో గిన్నె కింద పాత ఇనుప పెనం పెట్టి మంట సన్నగా చేయండి. అప్పటికే ముద్దయితే గరిటెతో కలపకండి, వెడల్పాటి పళ్లేల్లో పరిచి ఫ్యాను కింద పెట్టండి. మాడు వాసన వస్తే అడుగు గోకకుండా పైఅన్నం వేరే గిన్నెలోకి తీయండి.

సమస్య: గారెల పిండి రుబ్బుతుండగా మిక్సీ ఆగిపోయింది

కాలిపోయిందని కంగారు పడొద్దు. మోటారు వేడెక్కితే దానంతట అదే ఆగే ఏర్పాటు చాలా మిక్సీలకు ఉంటుంది. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, పావుగంట చల్లారనివ్వండి. తర్వాత అడుగున ఉండే చిన్న ఎర్ర మీట నొక్కితే తిరుగుతుంది. జారు సగం కంటే ఎక్కువ నింపకండి. తిరగడం లేదని నీళ్లు గుమ్మరిస్తే పిండి పలచనై గారెలు నూనె తాగుతాయి. ఇప్పటికే పలచనైతే కాస్త బియ్యప్పిండి కలిపి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

సమస్య: పప్పు ఎంతకీ ఉడకదు

బోరు నీళ్ల గడుసుదనం, లేదంటే చింతపండు ముందే వేయడం. తాగే నీళ్లతో ఉడికించి, పులుపు చివర్లో కలపండి.

సమస్య: కూరలో ఉప్పు ఎక్కువైంది

బంగాళదుంప ముక్క ఉప్పును పీల్చేస్తుందన్న మాట నమ్మకండి. అది ఉప్పునీటినే పీలుస్తుంది, మిగిలిన పులుసు ఉప్పదనం దాదాపు అలాగే ఉంటుంది. కొబ్బరిపాలో, ఉప్పు వేయని టమాటా గుజ్జో కలిపి కూర పెంచండి.

సమస్య: జమ్మి దగ్గరి నుంచి వచ్చేసరికి రాత్రి తొమ్మిది, నాన్నకు కళ్లు తిరుగుతున్నాయి

మిగతావన్నీ రుచికి సంబంధించినవి, ఇది ఆరోగ్యానిది. సాయంత్రం జమ్మి పూజ, ఆ పైన ఇంటింటికీ వెళ్లి బంగారం (జమ్మి ఆకు) ఇచ్చి పెద్దల కాళ్లకు మొక్కడం. మధుమేహానికి మాత్రో ఇన్సులినో తీసుకుని భోజనం ఆలస్యం చేస్తే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే చక్కెర నీళ్లు లేదా పళ్లరసం ఇవ్వండి. తగ్గకపోయినా, మాట తడబడినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి. అసలు పరిష్కారం ముందే ఉంది. అందరూ వచ్చేదాకా ఆగనివ్వకుండా రోజూ తినే వేళకే ఆయనకు వడ్డించండి. "అతిథులు తినకుండా నేనా" అంటారు. అయినా వడ్డించండి.

సమస్య: మిగిలిన వంట పొద్దునకు పాడైంది

కబుర్లలో పడి అర్ధరాత్రి దాకా అన్నం, కూర బయటే ఉంచడం కారణం. రెండు గంటల్లోపు చిన్న గిన్నెల్లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. దానికి సాయంత్రమే ఒక అర ఖాళీ చేయాలి. వెళ్లేవాళ్లకు కట్టి ఇవ్వడానికి ప్లాస్టిక్ డబ్బాలు కొని ఉంచుకోండి. అమ్మ స్టీలు డబ్బాల్లో ఇస్తే అవి తిరిగి రావు.