సోలార్-గ్యాస్ ప్లాంటు: ఎండ ఉన్నా ఆవిరి రాకపోతే

ఈజిప్టులో కైరోకు దక్షిణాన ఉన్న కురైమాత్ ప్లాంటు తరహా అమరికలో వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాల చిట్టా ఇది. మొత్తం 140 మెగావాట్లు, అందులో సోలార్ వాటా 20. ట్రఫ్ (తొట్టిలా వంగిన) అద్దాల గొట్టాల్లో ఆయిల్ 293 డిగ్రీల నుంచి 393కు వేడెక్కి, ఎక్స్ఛేంజర్‌లో (వేడిని ఆయిల్ నుంచి నీటికి మార్చే పరికరంలో) నీటిని ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరి గ్యాస్ టర్బైన్ వెనకున్న బాయిలర్ సూపర్‌హీటర్‌లోకి (ఆవిరిని ఇంకా వేడెక్కించే భాగంలోకి) పోతుంది.

సమస్య: మిట్టమధ్యాహ్నం కూడా సోలార్ ఆవిరి తక్కువ
అద్దాల మీద దుమ్మే కారణమని వెంటనే కడగడానికి ట్యాంకరు పిలవకండి. ముందు లెక్క చూడండి: సెకనుకు 200 కిలోల ఆయిల్ 100 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 48 మెగావాట్ల వేడి. ఆయిల్ సరిపడా వేడితో వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు 293 కంటే బాగా ఎక్కువ చూపిస్తోందంటే తప్పు ఎక్స్ఛేంజర్‌ది. ట్యూబుల్లో పొలుసు కట్టి ఉంటుంది. అసలు రావడమే చల్లగా వస్తే ఫీల్డ్‌లో, అంటే అద్దాలు, గొట్టాలు ఉన్న చోట వెతకాలి. డీఎం (లవణాలు తీసేసిన) నీళ్లతో కడిగినా ఒకటి రెండు లూపులే (అద్దాల వరుసలే) వెనకబడితే థర్మల్ కెమెరా పట్టండి. పక్కవాటికంటే పైగాజు బాగా వేడిగా ఉన్న గొట్టంలో, గాజుకీ లోపలి స్టీలు గొట్టానికీ మధ్య వాక్యూమ్ పోయినట్టే. 400 డిగ్రీలు దాటిన ఆయిల్ విడిపోయి హైడ్రోజన్ పుడుతుంది, అది స్టీలులోంచి కూడా జారి ఆ వాక్యూమ్‌లో చేరుతుంది. గొట్టం మార్చాలి, 393 దాటనివ్వకూడదు.

సమస్య: మబ్బు పట్టగానే ఆవిరి ఉష్ణోగ్రత ఎగబాకడం
తగ్గాలి కదా అనిపిస్తుంది. సోలార్ ఆవిరి తగ్గినా, గ్యాస్ టర్బైన్ పొగ వేడి తగ్గలేదు; కొద్ది ఆవిరి అంత వేడినీ మోస్తోంది. ఎటెంపరేటర్ స్ప్రే (ఆవిరిని చల్లార్చే నీటి జల్లు) ఉష్ణోగ్రత పెరిగాక తెరుచుకుంటే ఆలస్యమే. సోలార్ ఆవిరి ఫ్లో సిగ్నల్‌ను నేరుగా స్ప్రే కంట్రోల్‌కు కలపాలి. మబ్బు వీడాక దీనికి తలకిందులు: ఆవిరి ఒక్కసారిగా వచ్చిపడి ఉష్ణోగ్రత పడిపోతుంది. అన్ని అద్దాలనూ ఒకేసారి ఫోకస్ చేయకుండా కొన్ని లూపులు ఆపి, నిదానంగా కలపండి.

సమస్య: ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో (వేడికి పెరిగిన ఆయిల్‌ను పట్టే ట్యాంకులో) ఒత్తిడి పెరగడం, పంపులో టకటక శబ్దం
ఎక్స్ఛేంజర్‌లో నీటివైపు ఒత్తిడే ఎక్కువ కాబట్టి, ట్యూబు కారితే నీరు ఆయిల్‌లోకి వస్తుంది. ఆ ట్రెయిన్‌ను (ఎక్స్ఛేంజర్ల వరుసను) వెంటనే వేరుచేయండి. శాంపిల్ తీసి తేమ చూడండి. కారే ట్యూబుకు ప్లగ్ కొట్టాక, ఆయిల్‌ను మెల్లగా వేడిచేస్తూ తేమను వెంట్ చేయాలి. తొందరపడితే లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై పైపులను కుదిపేస్తుంది.

సమస్య: చలికాలం పొద్దున ఒక లూపులో ప్రవాహమే లేదు
ఈ ఆయిల్ 12 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. రాత్రి నెమ్మదిగానైనా తిప్పుతూనే ఉండాలి. గడ్డకట్టిన పైపును మధ్యలో వేడిచేయొద్దు. కరిగి పెరిగే ఆయిల్‌కు దారి ఉండేలా, తెరిచి ఉన్న చివర నుంచే మొదలుపెట్టండి.