పాత డీజిల్ కారు రేడియేటర్ మార్చేటప్పుడు

ఇండికా, సుమో, బొలెరో లాంటి పాత డీజిల్ బండి వేడెక్కితే వెంటనే రేడియేటర్ కొనొద్దు. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి చూడండి. ఆగకుండా బుడగలు వస్తున్నా, ఆయిల్ పోసే మూత కింద మజ్జిగ రంగు జిడ్డు కనిపించినా హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే పొర) పోయిందని అనుమానించాలి. అప్పుడు రేడియేటర్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు.

రాగి, ఇత్తడితో చేసిన పాత రకాన్ని టంకం పెట్టి బాగు చేయొచ్చు. అల్యూమినియం కోర్‌కి (మధ్యలో ఉండే సన్న గొట్టాల జాలీ) ప్లాస్టిక్ ట్యాంకులు బిగించిన రకం అతుకు దగ్గర పగిలితే మార్చడమే మేలు. కారడం ఆగాలని పసుపు పోస్తే ఇంటికి చేరతారేమో గానీ, ఆ ముద్ద సన్న గొట్టాల్లో పేరుకుంటుంది.

రేడియేటర్‌తో పాటు పై హోస్, కింది హోస్, క్లిప్పులు, మూత, థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలేది), దాని గాస్కెట్ తెచ్చుకోండి. ఏసీ బండికీ ఏసీ లేనిదానికీ రేడియేటర్ వేరుగా ఉండొచ్చు, పాతది పక్కన పెట్టి గొట్టాల మూతులు, బోల్టు చెవులు సరిచూసుకోండి. 7 లీటర్లు పట్టే బండికి కూలెంట్ కాన్సన్‌ట్రేట్ (నీళ్లు కలపని చిక్కటి కూలెంట్) మూడున్నర లీటర్లు, డిస్టిల్డ్ వాటర్ అంతే. ముందే కలిపి అమ్మే కూలెంట్ అయితే నీళ్లు కలపకూడదు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కింది హోస్ కింద టబ్బు పెట్టి పాత నీళ్లు దించండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, గొడ్లు నాకకుండా చూసుకోవాలి. హోస్ కరుచుకుపోతే స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు, బ్లేడుతో నిలువుగా కోసేయండి, ఎలాగూ కొత్తది వేస్తున్నాం. ఇండికాలో కరెంటు ఫ్యాన్ కప్లర్ పీకి ఫ్యాన్ దించాలి. సుమో, బొలెరోల్లో ఫ్యాన్ ఇంజన్‌కే ఉంటుంది, ముందు దాని చుట్టూ ఉన్న కవర్ విప్పాలి. రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్‌ని తాడుతో కట్టి నిలబెట్టండి, గ్యాస్ పైపులు ముట్టుకోవద్దు. పాతదాని కింద అంటుకున్న రబ్బరు బుష్‌లు, పక్కల స్పాంజి పట్టీలు మరవకుండా కొత్తదానికి మార్చండి. పట్టీలు లేకపోతే గాలి కోర్‌లోంచి పోకుండా పక్కనుంచి జారిపోతుంది.

అసలు పని ఇంజన్ బ్లాక్ కడగడం. కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లు కాస్తే గిన్నెకు తెల్లపొర కడతాయి. అదే పొర రేడియేటర్ గొట్టాల్లో వేడిని ఆపేస్తుంది. సముద్రం పక్క ఊళ్ల ఉప్పు నీళ్లయితే అల్యూమినియాన్ని చిల్లులు పడేలా తింటాయి. థర్మోస్టాట్ తీసి, తేటనీళ్లు వచ్చేదాకా రెండు వైపుల నుంచీ పైపుతో కడగండి. చివరి కడుగు మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే. బ్లాక్‌లో మిగిలిపోయే నీళ్లు కూడా కూలెంట్‌లో కలుస్తాయి కదా. వేసవి వేడికి థర్మోస్టాట్ పీకి పారేయమంటారు చాలామంది. వినొద్దు. డీజిల్ ఇంజన్ చల్లగా నడిస్తే పొగ, డీజిల్ ఖర్చు, అరుగుదల మూడూ పెరుగుతాయి. వాల్వ్‌కి చిన్న పిన్ను ఉంటే అది పైకి ఉండేలా బిగించండి, గాలి అందులోంచే పోతుంది.

ప్లాస్టిక్ మూతి మీద క్లిప్పు హోస్ కదలనంత బిగిస్తే చాలు, ఎక్కువైతే మూతి చిట్లుతుంది. బ్యాటరీ తిరిగి కలిపి, ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉంచి, హీటర్ నాబ్ వేడి వైపు తిప్పి, కూలెంట్ సన్నధారగా పోయండి. మూత తెరిచే ఇంజన్ ఐడిల్‌లో నడపండి. ముందు పై హోస్, తర్వాత కింది హోస్ వేడెక్కాలి, కరెంటు ఫ్యాన్ ఉంటే అది తిరగాలి. మట్టం తగ్గేకొద్దీ పోస్తూ, బుడగలు ఆగాక మూత బిగించండి. గాలి లోపలే చిక్కుకుంటే సెన్సార్‌కి నీళ్లు తగలవు, హెడ్ కాలిపోతున్నా టెంపరేచర్ ముల్లు కిందే ఉంటుంది.

మర్నాడు చల్లటి ఇంజన్ మీద క్లిప్పులు ఇంకోసారి చూసి, మట్టం తగ్గితే నింపండి. వారం రోజులు రోజూ పొద్దున చూడండి. నింపుతున్నా మళ్లీ మళ్లీ తగ్గుతుంటే ముందుగా వాటర్ పంపు కింద తడి ఉందేమో చూడాలి.