భారతంలో మన పద్యాన్ని వెతుక్కోవడం ఎలా?

తింటే గారెలే తినాలి, వింటే భారతమే వినాలి అంటాం గానీ, మా ఇంట్లో ఆ పుస్తకాలు అటక మీదే ఉండేవి. ఇంట్లో భారతం చదివితే గొడవలొస్తాయని మా అవ్వ భయం. గొడవలు ఎలాగూ వచ్చాయి కదా అని నలభై దాటాక నేనే దించాను.

దించినవాళ్లలో చాలామంది చేసే పొరపాటే నేనూ చేశాను. ఆదిపర్వం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, వారం తిరక్కుండా ఆపేశాను. పద్దెనిమిది పర్వాలూ పూర్తి చేయాలన్న పట్టుదల వద్దు. పారాయణం వేరు, ఇది వేరు. మనల్ని మనం చూసుకోగలిగే ఒక్క పద్యం చాలు.

నెల్లూరువాళ్లకు తిక్కనతో మొదలుపెట్టడం తేలిక. 13వ శతాబ్దంలో ఇక్కడే, నెల్లూరు రాజు మనుమసిద్ధి దగ్గర ఉండి, విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు తెలుగు చేశాడాయన. మాట మన మాటకు దగ్గరగా ఉంటుంది. ప్రకాశం వైపువాళ్లు అద్దంకి రెడ్డిరాజుల కవి ఎర్రన పూర్తి చేసిన అరణ్యపర్వం పట్టుకున్నా బాగుంటుంది. తాత్పర్యం ఉన్న ప్రతి కొనుక్కోండి, కానీ మొదట ఆ తాత్పర్యం మీద ఒక అట్టముక్క పెట్టి మూసేయండి.

ఇక పద్యాన్ని పైకి చదవాలి. రాగం రాకపోయినా ఫరవాలేదు. రెండుమూడుసార్లు నోటితో అంటే మాటలు ఎక్కడ విరుగుతాయో నాలుకకే తెలుస్తుంది. ఉద్యోగపర్వంలో ఈ పద్యం చూడండి:

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని
స్తారక మయ్యు సత్య శుభదాయక మయ్యును దైవ ముండెడున్

నోట్‌బుక్‌లో మాటలు విడదీసి రాయండి: దక్షులు, ఎవ్వారలు, ఉపేక్ష, చేసిరి. ‘పారము’ అంటే ఒడ్డు. అది తెలియగానే మునిగిపోతున్న మనిషి కళ్ల ముందుకొస్తాడు. ఇప్పుడు అట్టముక్క తీయండి. ధర్మం, సత్యం పాపం వల్ల, అబద్ధం వల్ల ఒడ్డు చేరలేక పాడైపోతున్నప్పుడు, కాపాడగలిగీ పట్టించుకోనివాళ్లకే అది చేటు. ధర్మాన్ని గట్టెక్కించడానికి, సత్యానికి మేలు చేయడానికి దైవం ఎటూ ఉంటుంది.

తర్వాత, ఎవరు ఎవరితో అన్నారో చూసుకోవాలి. రాయబారానికి వచ్చిన కృష్ణుడు నిండు కౌరవసభలో అన్న మాట ఇది. తప్పు చేసిన దుర్యోధనుడి కన్నా, ఊరకే కూర్చున్న పెద్దలకు ఎక్కువ తగులుతుంది. వీలైతే సంస్కృత మూలం కూడా పక్కన పెట్టుకోండి. చూస్తుండగా ధర్మం చంపబడితే సభలో ఉన్నవాళ్లు చచ్చినట్టే అంటాడు వ్యాసుడు. తిక్కన ‘చూస్తుండగా’ను వదిలి ‘దక్షులు’, ‘ఉపేక్ష’ అన్నాడు. చేతకానివాడికి మినహాయింపు ఇచ్చాడు, చేతనైనవాడికి మాత్రం ఇవ్వలేదు. నా లెక్కలో ఇంత పదునైన మార్పు ఆ పర్వంలో ఇంకోటి లేదు.

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. ఈ పద్యంలో నేనెక్కడున్నాను? మనకు దుర్యోధనుడిలో బావమరిదీ, శకునిలో ఆఫీసులో పక్క సీటాయనా టక్కున దొరికేస్తారు. అలా దొరికితే పుస్తకం మూసి, టీ తాగి వచ్చి మళ్లీ చదవండి. కాస్త సిగ్గనిపించే చోటు దొరికేదాకా ఆగాలి.

నాకు ‘దక్షులు’ దగ్గర దొరికింది. మా అపార్ట్‌మెంట్‌లో మోటారు కేబుల్ పోయింది. మీటింగ్‌లో అందరూ వాచ్‌మన్ పనే అన్నారు. కేబుల్ పోయిన రాత్రి వాళ్లావిడను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి నా స్కూటీ తాళం నేనే ఇచ్చాను. నోరు తెరవలేదు. సెల్‌ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. రెండు రోజులకు అతను సామాను సర్దుకుని వెళ్లిపోయాడు.

ఇలా తోచిన అర్థాన్ని కూడా వెంటనే నమ్మేయకండి. ముందూ వెనకా నాలుగైదు పద్యాలు చదివి, మన అర్థం అక్కడ నిలబడుతుందో లేదో చూడాలి. మనకు అనుకూలంగా ఉన్న అర్థమైతే ఇంకాస్త అనుమానించాలి. ‘దైవముండెడున్’ ఒక్కటే పట్టుకుని, దేవుడే చూసుకుంటాడులే అని నేనూ రెండు రోజులు తప్పించుకున్నాను. పద్యం అలా అనడం లేదు. ధర్మం ఎలాగూ గట్టెక్కుతుంది, మునిగేది నువ్వు అంటోంది. ఊళ్లో పురాణం చెప్పే పెద్దలుంటే వాళ్లనూ అడగండి, విసుక్కోరు.

చివరగా, పద్యం కింద ఒక్క పని రాసుకోండి. ‘మంచిగా ఉండాలి’ లాంటివి పనికిరావు, ఈ వారంలో అయిపోయేది కావాలి. నేను ‘స్కూటీ సంగతి చెప్పాలి’ అని రాసుకున్నాను. తర్వాతి మీటింగ్‌లో చెబితే, ఇప్పుడెందుకండీ అవన్నీ అన్నారు. ఆ సాయంత్రం పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడి వెనక కూర్చుని అతనికి ఫోన్ చేశాను. రొయ్యల చెరువు కాడ కాపలా ఉంటున్నాడట.

“ఏరేటర్లు తిరగతా ఉండాయి సార్, వినపడటంలా. గట్టిగా చెప్పండి” అన్నాడు.

గట్టిగానే చెప్పాను.