పూడుల్ క్రాస్ కుక్క పెంపకం, 3వ పాఠం: దువ్వెన చర్మం దాకా వెళ్ళాలి

పోయిన పాఠంతో తిండి, టీకాల సంగతి అయిపోయింది. ఈసారి బొచ్చు. పూడుల్ క్రాస్, అంటే పూడుల్‌ని ఇంకో జాతితో కలిపి పుట్టించిన కుక్క, తెచ్చుకున్న ఇళ్ళలో ఎక్కువమంది చేతులెత్తేసేది ఇక్కడే, అందుకే పాఠం మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

నెల్లూరైనా ఒంగోలైనా ఈ పిల్లల్ని అమ్మేవాళ్ళు ముందు చెప్పే మాట "దీని బొచ్చు రాలదండీ" అని. చాలావరకు నిజమే, కానీ చెప్పేది సగమే. లాబ్రడార్ బొచ్చు కొంత పొడవు పెరిగి రాలిపోతుంది, చీపురుతో ఊడ్చేస్తాం. పూడుల్ బొచ్చు మన తల వెంట్రుకల్లాగా పెరుగుతూనే ఉంటుంది, పైగా ఊడిన వెంట్రుక కూడా కింద పడకుండా పక్కనున్న ఉంగరాల్లో ఇరుక్కుపోతుంది. దానికి చెమ్మ, దుమ్ము తోడై, చర్మానికి ఆనుకుని అట్ట కడుతుంది. అంటే ఇల్లు ఊడ్చే పని తగ్గి కుక్కని దువ్వే పని పెరిగిందన్నమాట. ఆ పని చేసే ఓపిక లేకపోతే దయచేసి ఈ కుక్కని తెచ్చుకోవద్దు.

అలర్జీ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. లాబ్రడార్, పూడుల్ కలిసిన లాబ్రడూడుల్‌కి పేరు తెచ్చింది ఆస్ట్రేలియాలో గైడ్ కుక్కల సంస్థలో పనిచేసిన వాలీ కాన్రాన్. 1980ల చివర్లో హవాయిలో చూపు లేని ఒకావిడకి గైడ్ కుక్క కావాల్సొచ్చింది, ఆమె భర్తకేమో కుక్కలు పడవు. అందుకని పూడుల్‌నీ లాబ్రడార్‌నీ కలిపారు. పుట్టిన 3 పిల్లల్లో ఆయనకి పడింది ఒక్కటే. అలర్జీ తెప్పించే పదార్థాలు కుక్క లాలాజలంలో, చర్మం పొట్టులో ఉంటాయి, బొచ్చు రాలనంత మాత్రాన అవి పోవు. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్ళుంటే, కొనేముందు ఆ పిల్లతోనే నాలుగైదుసార్లు కాసేపు గడిపి చూడాలి.

సరే, పనిలోకి వద్దాం. ముందు మీ కుక్కది ఏ రకం బొచ్చో చెవి వెనక వేళ్ళు పెట్టి చూడండి. ఒకే ఈతలో ఒకదానికి దాదాపు తిన్నగా, ఇంకోదానికి అలలుగా, మరోదానికి గట్టి ఉంగరాలుగా రావచ్చు. ఉంగరాలైతే రోజూ, అలలైతే రోజు విడిచి రోజు దువ్వాలి. 6 నెలల నుంచి ఏడాది లోపు పిల్ల బొచ్చు పోయి పెద్ద బొచ్చు దిగుతుంది, ఆ కొన్ని వారాలూ ఎంత దువ్వినా చిక్కులు పడుతూనే ఉంటాయి. అప్పుడు మాత్రం ఒక్కరోజు కూడా మానొద్దు.

సామాను రెండే. సన్నటి వంపు తీగలుండే స్లికర్ బ్రష్, ఒక సగం వెడల్పు పళ్ళు, ఒక సగం దగ్గర పళ్ళు ఉండే స్టీల్ దువ్వెన. ప్లాస్టిక్ దువ్వెన పనికిరాదు, పై పైన జారిపోతుంది.

అందరూ చేసేది ఏమిటంటే వీపు మీద బ్రష్ పైపైన లాగేసి, బొచ్చు మెత్తగా పొంగేసరికి అయిపోయిందనుకోవడం. అడుగున అట్ట అలాగే ఉంటుంది. మీరు కింద నుంచి మొదలుపెట్టండి. కాలి మడమ దగ్గర కూర్చుని, ఎడమ చేత్తో బొచ్చునంతా పైకి ఎత్తి పట్టుకుని, అడుగున ఒక వరస మాత్రం కిందికి వదిలి, చర్మం గీత కనపడేలా చూసి, ఆ వరసని కుదుళ్ళ నుంచి కొసదాకా తేలిగ్గా దువ్వండి. తర్వాత దానిపై వరస వదలండి. ఇలా పైకి వెళ్తూ ఉంటే ఒక కాలు అయిపోతుంది. చివర్లో స్టీల్ దువ్వెన చర్మం దాకా దింపి లాగి చూడండి, ఎక్కడా ఆగకుండా వస్తేనే ఆ చోటు పూర్తయినట్టు. చెవుల వెనక, చంకలు, తొడల మధ్య, తోక మొదలు, బెల్టు కింద, వేళ్ళ సందులు, ఇవి రోజూ చూడాల్సిన చోట్లు.

ఉండ దొరికితే లాగొద్దు. దాని కుదురు దగ్గర రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుంటే చర్మం సాగదు, నొప్పి ఉండదు. కాస్త కార్న్‌ఫ్లోర్ అద్ది, ముందు వేళ్ళతో విడదీసి, కొసల నుంచి దువ్వుకుంటూ లోపలికి రండి. కత్తెర జోలికి మాత్రం పోవద్దు, ఉండలోకి చర్మం కూడా లాగుకుని ఉంటుంది, తెగేదాకా తెలీదు. ఒళ్ళంతా అట్ట కడితే మిషన్ పెట్టించి పొట్టిగా తీయించేయడమే దాని మీద దయ.

స్నానం ఎప్పుడూ దువ్విన తర్వాతే. చిక్కు మీద నీళ్ళు పోస్తే అట్ట ఇంకా బిగుసుకుంటుంది. కుక్కల షాంపూ వాడి, బాగా కడిగి, వేళ్ళకి చర్మం దగ్గర తడి తగలనంతవరకు ఆరబెట్టాలి. చెవులు వాలి ఉంటాయి, లోపల కూడా వెంట్రుకలుంటాయి, అక్కడ తడి ఉంటే చీము పడుతుంది. మైపాడు బీచికో కొత్తపట్నానికో తీసుకెళ్తే ఇంటికి రాగానే మంచినీళ్ళతో ఉప్పూ ఇసుకా కడిగేయండి.

ఎండాకాలం వచ్చిందంటే "గుండు కొట్టించెయ్, చల్లగా ఉంటుంది" అని ప్రతివాళ్ళూ సలహా ఇస్తారు. కుక్క ఒంటి వేడి ముఖ్యంగా ఒగర్చడంతోనే దిగుతుంది. నున్నగా గీసేస్తే రోహిణి కార్తె ఎండకి చర్మం కాలుతుంది. ఒక అంగుళం ఉంచి కత్తిరించమనండి, 6 నుంచి 8 వారాలకోసారి. నడక తెల్లారకముందో బాగా చీకటి పడ్డాకో పెట్టుకోండి. మన జిల్లాల్లో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ నెలల్లో ఒక్క తడిసిన సాయంత్రం చాలు చంకల్లో అట్ట కట్టడానికి.

దువ్వేటప్పుడే పిడుదులు కూడా దొరుకుతాయి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగెయ్యండి. కిరసనాయిలు, కర్పూరం పూయొద్దు, కుక్క నాకుతుంది. పిడుదులు దొరికాక కుక్క తిండి మానేసినా, ఒళ్ళు కాలినా, చిగుళ్ళు తెల్లబడినా, ముక్కులో రక్తం కనపడినా అది పిడుదు జ్వరం కావచ్చు, ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఈ వారం అభ్యాసం: రోజూ ఒక్క కాలు, పది నిమిషాలు, మధ్యలో ఉడికించిన కోడిమాంసం ముక్క. అది విసుక్కునేలోపే మీరు ఆపెయ్యాలి. 4వ పాఠంలో గోళ్ళు, చెవులు.