స్విమ్మింగ్ పూల్‌కు వినైల్ లైనర్ పరచడం: ఐదవ పాఠం – రోజును, గంటను ఎంచుకోవడం

నాలుగవ పాఠంలో మన నమూనా పూల్ అడుగున వెర్మిక్యులైట్ అనే తేలికైన ఖనిజపు పలుకులు కలిపిన సిమెంటు పూత వేసి, ఆరిన తరువాత గరుకు తీసి, గోడల పైఅంచున లైనర్, అంటే పూల్ లోపల నీరు ఇంకకుండా పరిచే ప్లాస్టిక్ షీటు, అంచు ఇమిడే గాడిని బిగించాము. కొత్తగా చేరిన పాఠకుల కోసం కొలతలు మరొకసారి చెబుతాను: పొడవు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, సగటు లోతు 1.4 మీటర్లు. అడుగూ నాలుగు గోడలూ కలిపి సుమారు 66 చదరపు మీటర్లు. 0.75 మిల్లీమీటర్ల మందం గల షీటు అయితే మొత్తం 60 కిలోలకు పైగా తూగుతుంది. పూల్ నిండడానికి దాదాపు 45 వేల లీటర్ల నీరు పడుతుంది. ఈ అంకెలన్నీ ఈ పాఠంలో పనికివస్తాయి కనుక పక్కన రాసిపెట్టుకోండి.

లైనర్ పెట్టెలో ఒక సూచనల కాగితం ఉంటుంది. పరిచేముందు లైనర్‌ను గంటో రెండు గంటో ఎండలో ఉంచి వెచ్చబరచమని అందులో తరచుగా కనిపిస్తుంది. వాతావరణం సుమారు 18 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్న రోజు చూసుకోమని కూడా సాధారణంగా చెబుతారు. రెండవ మాట మనకూ చెల్లుతుంది. మొదటి మాటను మాత్రం ఎవరి కోసం రాశారో ఆలోచించాలి. వినైల్ లైనర్ పూల్స్ ఎక్కువగా వాడే అమెరికా, కెనడా దేశాలలో వసంతకాలపు ఉదయం షీటు అట్టముక్కలా బిగుసుకొని ఉంటుంది, దానిని వెచ్చబరచక తప్పదు. గుంటూరులో, విజయవాడలో ఏడాదిలో ఎక్కువ రోజులు మన బాధ దీనికి సరిగ్గా ఎదురు దిశలో ఉంటుంది: షీటును చల్లగా ఉంచడం ఎలా అన్నదే ఇక్కడి ప్రశ్న.

నేను ఈ సంగతిని పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. మంగళగిరి వైపు ఒక మామిడితోటలో ఏప్రిల్ నెలలో చేసిన పనిలో ఆ కాగితాన్ని అక్షరాలా పాటించి, ఉదయం ఎనిమిదింటికి లైనర్‌ను విప్పి పూల్ పక్కన ఎండలో పరిచి, పది దాటిన తరువాత లోపలికి దించాను. షీటు వెన్నలా సాగింది, నలుగురం అరగంటలో నాలుగు మూలలూ గాడిలో కూర్చోబెట్టేశాము, ఇంత సులువైన పని ఇంతకు ముందు చేయలేదని మురిసిపోయాను కూడా. అయితే అడుగున చాప మీది దుప్పటిలా ముడతలు మిగిలాయి. వాటిని తీయడానికి లాగిన ప్రతిచోటా షీటు ఇంకొంచెం సాగి, గోడ పక్కన షీటు మీద అచ్చువేసి ఉండే టైల్ బొమ్మల వరుస ఒక పక్కకు వాలింది. రాత్రంతా బోరు నీరు పట్టి మరునాడు చూస్తే ఒక మూలన షీటు తప్పెటలా బిగిసి ఉంది. రెండవ వారంలో అదే మూలన అంచు గాడిలో నుంచి ఊడి వచ్చింది. తప్పు లైనర్‌ది కాదు, నాది.

ఎందుకిలా జరుగుతుందో చూద్దాం. వినైల్ అని మనం పిలిచే పీవీసీ సహజంగా గట్టి పదార్థం. నీళ్ళ గొట్టాలు చేసేది దానితోనే. ప్లాస్టిసైజర్ అనే మెత్తబరిచే ద్రవ్యాన్ని కలిపితే అది వంగే షీటుగా మారుతుంది. ఆ మెత్తదనం వేడిని బట్టి మారుతూ ఉంటుంది. చల్లబడితే షీటు బిర్రుగా మారి, మడతల గీతలు విడవవు, బలంగా లాగితే అతుకుల దగ్గర చిరిగే ప్రమాదం ఉంటుంది. వేడెక్కితే ఎటు లాగితే అటు సాగుతుంది, ఎంత సాగిందో చేతికి తెలియదు. లైనర్‌ను పూల్ కొలత కంటే కొంచెం చిన్నదిగానే కత్తిరిస్తారు. అది సమానంగా సాగి గోడలకు అతుక్కోవాలన్నది ఉద్దేశం. వేడి షీటులో ఆ సాగుదల సమానంగా ఉండదు, ముందుగా లాగిన మూలే అంతా మింగేస్తుంది.

దీనికి తోడు వ్యాకోచం ఉంది. మెత్తని పీవీసీ స్థూలంగా మీటరు పొడవుకు, ఒక డిగ్రీకి 0.1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, తరుగుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం గాలి 40 డిగ్రీలు ఉన్నప్పుడు ఎండలో పరిచిన ముదురు నీలం షీటు 60 డిగ్రీల దాకా పోగలదు. దాని మీదికి వచ్చే బోరు నీరు మన ప్రాంతంలో ఏ కాలంలోనైనా 28 డిగ్రీలకు అటూఇటూగానే ఉంటుంది. ఆ 32 డిగ్రీల తేడాకు 8 మీటర్ల షీటు దాదాపు రెండున్నర సెంటీమీటర్లు, అంటే ఒక అంగుళం, కుంచించుకుపోవాలని చూస్తుంది. అప్పటికే అంచులు గాడిలో బిగిసి ఉంటాయి, నీటి బరువు షీటును అడుగుకు అదిమి ఉంటుంది, కనుక ఆ అంగుళం బలం ఎక్కడ పట్టు తక్కువగా ఉంటే అక్కడ, అంటే మూలల్లోనూ మెట్ల దగ్గరా, బయటపడుతుంది.

అందువల్ల ఫోన్‌లో కనిపించే గాలి ఉష్ణోగ్రతను ఒక్కదాన్నే చూసి రోజు నిర్ణయించకండి. చూడవలసింది షీటు ఉష్ణోగ్రత, దానికీ నింపబోయే నీటికీ మధ్య ఉన్న తేడా. షీటు 25 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే పని హాయిగా సాగుతుంది. దూరం నుంచే వేడిని కొలిచే పరారుణ థర్మామీటరు హార్డ్‌వేర్ దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది, ఒకటి కొనండి. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టిన పరికరం ఇంట్లో పడి ఉందని దానితో సరిపెట్టుకోవద్దు, వాటిలో చాలా వరకు మనిషి ఒంటి వేడికి దగ్గరి అంకెలనే చూపుతాయి. ఏ పరికరమూ లేకపోతే అరచేతి వెనుక భాగాన్ని షీటుకు ఆనించి పది అంకెలు లెక్కపెట్టండి. చేయి తీసేయాలనిపిస్తే ఆ గంట పనికిరాదు. గుంటూరు మిర్చి కళ్ళాల దగ్గర ఒక పెద్దాయన ఇదే విషయాన్ని నాకంటే బాగా చెప్పాడు: “పొద్దున్నే లాగితే పరదా బిర్రుగా ఉంటది బాబూ, మిట్టమజ్జాన్నం లాగితే కొలతే ఉండదు. పదింటికి లాగాల.” ఆయన చెప్పింది జనవరి నెల పది గంటల గురించి.

ఇక నెలల విషయం. మన ప్రాంతంలో జనవరిలో తెల్లవారుజామున 18, 19 డిగ్రీల దాకా దిగి, మధ్యాహ్నానికి 30 దాకా ఎక్కుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. పోయిన తరువాత వచ్చేది నెలన్నరలోనే నిప్పులు చెరిగే ఎండ. కాబట్టి సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య ఉన్న రోజులు ఈ పనికి అన్నిటికంటే అనుకూలమని నా అభిప్రాయం. కానీ ఇళ్ళవారు పూల్ గురించి ఆలోచించేది పిల్లలకు వేసవి సెలవులు దగ్గర పడ్డప్పుడే, ఫోన్ మోగేది ఏప్రిల్‌లోనే. ముందే పని పెట్టుకోమని ఎంత చెప్పినా వినేవారు తక్కువ.

వేసవిలో తప్పనిసరైతే నెలను వదిలి గంటను పట్టుకోవాలి. మే నెలలో తెల్లవారుజామున గాలి ఉష్ణోగ్రత 27, 28 డిగ్రీలు ఉంటుంది, అంటే జనవరి మధ్యాహ్నానికి దాదాపు సమానం. పెట్టెను ముందు రోజు సాయంత్రమే నీడగల గదిలో పెట్టి, ఐదున్నరకు విప్పి, ఏడున్నరలోగా అంచులు గాడిలో పెట్టి, ఎండ అడుగును తాకేలోగా కనీసం జానెడు నీరు నిలిచేలా చూసుకోండి. నీరు కప్పిన భాగం ఇక అంతగా వేడెక్కదు. బోరు మోటారు మీద ఒక్కదాని మీదే ఆధారపడక ఆ మొదటి జానెడు కోసం ట్యాంకరును ముందు రాత్రే తెప్పించి నిలబెట్టుకోండి. రాత్రంతా నిలిచిన నీరు తెల్లవారేసరికి చల్లబడి ఉంటుంది. పగటి ఎండలో తిరిగి వచ్చిన ట్యాంకరు నీరు మాత్రం వేడిగా ఉంటుంది, దానిని తాకి చూడకుండా వదలకండి. రోహిణి కార్తెలో, అంటే మే 25 తరువాతి రెండు వారాల్లో, నేను ఈ పనికి ఒప్పుకోను. వడగాడ్పు పొద్దున్నే మొదలైన రోజున దుమ్ము షీటు కిందికి చేరుతుంది. నీటి బరువు పడ్డాక ఒక్కొక్క ఇసుక రేణువూ పాదానికి తగులుతుంది.

నీడ గురించి ఒక మాట. పూల్‌లో సగం ప్రహరీ నీడలోనో కొబ్బరిచెట్ల కిందో ఉండి, మిగిలిన సగం ఎండలో ఉంటే ఒకే షీటు రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది, ముడతలన్నీ వెచ్చటి పక్కకు పోగవుతాయి. మొత్తం నీడలోనో మొత్తం లేత ఎండలోనో ఉండే గంట కోసం ఆగండి.

గాలి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 66 చదరపు మీటర్ల షీటు తెరచాప లాంటిది, ఆరుగురు పట్టుకున్నా ఎగరేస్తుంది. వేపచెట్టు చిన్న రెమ్మలు ఆగకుండా ఊగుతుంటే గాలి గంటకు 12 కిలోమీటర్లు దాటిందని గుర్తు, అప్పుడు షీటు విప్పవద్దు. సముద్రం మనకు దగ్గరే కనుక ఎండకాలం మధ్యాహ్నం దాటాక పైరగాలి రావచ్చు. ఉదయపు పనికి ఇది మరొక కారణం.

వాన సంగతి ఇంత సులభంగా తేలదు, ఎందుకంటే పైనుంచి పడే వాన కంటే నేలలో నిలిచిన వాన ప్రమాదకరం. లెక్క చూడండి: షీటు చదరపు మీటరుకు కిలో కంటే తక్కువ బరువు ఉంటుంది. షీటు కింద నీటి మట్టం ఒక మిల్లీమీటరు ఎత్తు పెరిగినా, ఖాళీ పూల్‌లో దాన్ని లేపడానికి ఆ ఒత్తిడి సరిపోతుంది. గోడల వెనుక పూడ్చిన మట్టి నల్లరేగడి అయితే వాన నీరు దానిలో వారాల తరబడి ఇంకకుండా నిలుస్తుంది. కృష్ణ కాలువల వెంట ఉన్న స్థలాల్లో వాన లేకపోయినా, కాలువకు నీరు వదిలిన రోజుల్లో భూగర్భజల మట్టం పైకి వస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉంది కదా అని మొదలుపెట్టి, మధ్యాహ్నానికి అడుగున షీటు బూరెలా ఉబ్బడం చూసినవారు నాకు తెలుసు.

దీనికి మందు చవకైనదే. పూల్ గోడకు అర మీటరు దూరంలో నాలుగు అంగుళాల పీవీసీ గొట్టాన్ని, కింది భాగానికి రంధ్రాలు చేసి, అడుగు మట్టం కంటే ఇంకొక మీటరు లోతుగా నిలువునా పాతండి. దారానికి చిన్న బరువు కట్టి దించితే నీరు ఎంత లోతులో ఉందో తడి చెబుతుంది. ఆ నీరు పూల్ అడుగు కంటే కనీసం అర మీటరు కిందికి దిగేవరకు లైనర్ పెట్టె తెరవకండి. పని అయిపోయాక కూడా గొట్టాన్ని అలాగే ఉంచి మూత పెట్టండి. ఏ ఏడాదైనా పూల్ ఖాళీ చేయవలసి వస్తే ముందు చూడవలసింది అందులోనే.

ఫలానా నెల దాటింది కనుక తుపాను రాదని కూడా అనుకోవద్దు. 2010లో లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది మే 20న. మిచాంగ్ అదే బాపట్ల దగ్గర దాటింది 2023 డిసెంబరు 5న. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ళు మునిగింది తుపానుకు కాదు, వాయుగుండపు వానలకే. అందుకే నెలను ఎంచుకున్నాక కూడా అమరావతి వాతావరణ కేంద్రం ఇచ్చే రోజువారీ హెచ్చరికలను ఐదు రోజుల ముందు నుంచి చదవండి. మనకు కావలసింది ఒక్క పొడి రోజు కాదు. 45 వేల లీటర్లు గంటకు ఐదు వేల లీటర్లు ఇచ్చే మోటారుతో నిండడానికి తొమ్మిది గంటలు పడుతుంది, కరెంటు పోతే ఇంకా ఎక్కువ. అడుగు పూర్తిగా ఆరి ఉండడానికి ముందు ఒకటి, పరచడానికి ఒకటి, నింపడానికి మరొకటి, మొత్తం మూడు పొడి రోజులు వరుసగా ఉండాలి. సముద్రంలో అల్పపీడనం ఏర్పడిందని విన్న వారం మన వారం కాదు. అయితే సగం నీరు పట్టిన తరువాత జల్లు పడితే కంగారు పడనవసరం లేదు. పూల్‌లో పడిన వాన మనకు ఉచితంగా వచ్చిన నీరే. గోడ వెనక్కి పారే నీటినే మళ్ళించాలి, దానికి గట్టు చుట్టూ ముందుగానే చిన్న కాలువ తీసి ఉంచండి.

శీతకాలపు ఉదయం మంచు గురించి చివరిగా చెబుతాను. పుష్య మాసంలో ఏడు గంటలకు సిమెంటు పూత పొడిగా కనిపించినా, అరచేయి ఆనిస్తే తడి తగులుతుంది. ఆ తడి మీద షీటు పరిస్తే కింద చిక్కుకున్న తేమను, షీటు వెనుక గాలిని లాగే బ్లోయరు కూడా సరిగ్గా లాగలేదు. తొమ్మిదింటి దాకా ఆగి, పొడి గుడ్డతో తుడిచి, అప్పుడు లైనర్‌ను గట్టు మీద మడతలు విప్పండి. మడత గీతలు మెత్తబడడానికి ఈ కాలంలో మాత్రం అరగంట నుంచి ముప్పావు గంట ఎండ అవసరం, పెట్టెలోని కాగితం మాట ఇప్పుడు వినవచ్చు. థర్మామీటరు 30 చూపగానే లోపలికి దించండి.

వచ్చే పాఠంలో షీటు వెనుక గాలిని బ్లోయరుతో లాగి ముడతలు తీయడం నేర్చుకుంటాము. ఈలోగా ఒక అభ్యాసం చేయండి. చిరిగితే అతుకు వేయడానికి లైనర్‌తో పాటు ఇచ్చిన ముక్కను పూల్ అడుగున పరిచి, ఏడు రోజుల పాటు ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఐదు గంటలకు దాని ఉష్ణోగ్రతను, పక్క గొట్టంలోని నీటి లోతును, వేపరెమ్మల కదలికను ఒక నోటుపుస్తకంలో రాయండి. మీ పూల్‌కు పనికివచ్చే గంట ఏదో ఆ పట్టికలోనే కనిపిస్తుంది. బ్లోయరు ఎప్పుడు ఆన్ చేయాలో లెక్కకట్టడానికి వచ్చే పాఠంలో మళ్ళీ అదే పుట తెరుస్తాము.