రోజూ తిండిలో కొవ్వు – 4వ పాఠం: ముందు అన్నం తియ్యండి, తర్వాత నెయ్యి

తిండిలో కొవ్వు పెంచండి, పెద్ద చెంచాడు నెయ్యి వేసుకోండి అని పోయిన పాఠంలో చెప్పాను. ఆ తర్వాత వచ్చిన ఫిర్యాదులన్నీ దాదాపు ఒకటే. కడుపు బరువు, సాయంత్రం దాకా త్రేన్పులు, మధ్యాహ్నం కళ్ళు మూతలు పడిపోవడం. "మాకు కొవ్వు పడదండీ" అని కొందరు మానేశారు కూడా. మానకండి. ఆ ఇబ్బంది పెద్ద చెంచాడు నెయ్యి తెచ్చింది కాదు. కంచంలో అన్నం ఎప్పటంతే ఉంచి దాని మీద నెయ్యి పోయడం వల్ల వచ్చింది. అందుకే ఈసారికి చెప్పాలనుకున్న వేరుశనగల పాఠం పక్కన పెట్టి ముందు దీన్ని తేల్చుకుందాం.

గ్రాము కొవ్వులో 9 కేలరీలు ఉంటాయి, గ్రాము పిండిపదార్థంలో 4. పెద్ద చెంచాడు నెయ్యి, అంటే 14 గ్రాములు, 125 కేలరీల దాకా ఇస్తుంది. వండిన అన్నం 100 గ్రాములు తిన్నా ఇంచుమించు అంతే. కాబట్టి ఆ చెంచాడు వడ్డించుకునే ముందు 100 గ్రాముల అన్నం కంచంలోంచి లేవాలి. మీ ఇంట్లో హస్తంతో, అంటే అన్నం వడ్డించే గరిటెతో, ఒకసారి అన్నం తీసి తూచి చూడండి, ఇక రోజూ తూచక్కర్లేదు. పైగా కొవ్వున్న భోజనం పొట్టలోంచి నెమ్మదిగా కదులుతుంది. టిఫిన్ తిన్నా పదకొండింటికల్లా ఆకలేసేవాళ్ళకి కొవ్వు చేర్చుకోమన్నది అందుకే. ఆ నెమ్మదికి గుట్టెడు అన్నం తోడైతే బరువు తప్పదు.

చిక్కిపోయిన పెద్దవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు తినేదే నాలుగు ముద్దలు, అందులో అన్నం తీయకండి. ఆ ముద్దల్లోనే కాస్త నెయ్యి, కాస్త నువ్వుపొడి కలపండి. పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళు, పాంక్రియాస్ జబ్బున్నవాళ్ళు, కొలెస్ట్రాల్‌కి మందులు వాడుతున్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ఈ పాఠాలు పాటించొద్దు.

ఇక వేపుళ్ళు. కొవ్వు పెంచండి అనగానే చాలా ఇళ్ళలో మూకుడు పొయ్యెక్కింది. అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, పూటపూటకీ దొండకాయ వేపుడు. నేను చెప్పింది ఇది కాదు. మూకుట్లో వేయించినదానికి ఎంత నూనె పట్టిందో మీకు తెలియదు, కాబట్టి ఎంత అన్నం తగ్గించాలో కూడా తెలియదు. కరకరలాడేది పక్కన ఉంటే అన్నం తగ్గదు సరికదా, ఇంకో హస్తం పడుతుంది. అసలు బాధ మిగిలిన నూనెతో. దాన్ని సీసాలో పోసి, రేపు గారెలకి, ఎల్లుండి చేపలకి మళ్ళీ కాగబెడతారు. నూనె కాగిన కొద్దీ విరిగి, పాడైన పదార్థాలు అందులో పోగవుతాయి. ఆ మొత్తం 25 శాతం దాటితే ఆ నూనె వంటకి పనికిరాదని మన దేశంలో నిబంధన ఉంది. ఇంట్లో దాన్ని కొలవలేం. నలుపెక్కినా, జిగటగా సాగినా, వేడికి నురగ కట్టినా పారబోయండి. ఒకసారి వేయించిన నూనెని వడగట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరపోపుల్లోకి వాడేయండి, మళ్ళీ మూకుట్లో పోయొద్దు. పండక్కి గారెలు చేసుకోండి, నాకూ ఇష్టమే. కానీ ఈ పాఠాల లెక్కలోకి వాటిని తేకండి.

మరి కొవ్వు ఎక్కడ వేయాలి? తడి ఉన్న వంటకంలో. ముద్దపప్పే తీసుకోండి. వేడన్నం ఒక్క హస్తం, దాని పక్కన పప్పు నిండు గరిటె. నెయ్యి అన్నం మీద కాదు, పప్పు మీద వేయండి. పప్పునీ నెయ్యినీ ముందు వేళ్ళతో మెదిపి, తర్వాత అన్నం లాక్కుంటూ కలపండి. కంచం అంచున నెయ్యి మెరుస్తూ విడిగా నిలిచిందంటే పప్పు చాలలేదన్నమాట, ఇంకాస్త వేసుకోండి. తోటకూర పప్పుకైతే పోపులో నూనె పిసినారితనం వద్దు, ఆకుకూరలో విటమిన్ ఎ గా మారే పదార్థం ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి.

పచ్చళ్ళకి నా ఓటు పప్పునూనెకే, అంటే నువ్వులనూనెకే. గోంగూరలోకి పచ్చిది ఒక చెంచా చాలు. నువ్వుల్లో సగం కొవ్వే కాబట్టి బీరకాయ కూర దించేముందు రెండు చెంచాల నువ్వుపొడి చల్లినా పని అయిపోతుంది.

కోనసీమ వాళ్ళకి కొబ్బరి గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? పచ్చికొబ్బరిలో మూడోవంతు కొవ్వు. అయితే అది నెయ్యి లాగే ఎక్కువగా సంతృప్త కొవ్వు, అంటే మితిమీరితే రక్తంలో కొలెస్ట్రాల్ పెంచే రకం, అందుకే కొబ్బరి పచ్చడి చేసిన పూట నెయ్యి ఆపండి.

చేపల్లో, వరదనీటికి ఎదురెక్కే పులస కొవ్వుకి పెట్టింది పేరే, ధరకి కూడా. నెలనెలా తినడానికి కవళ్ళు (సార్డిన్ చేపలు) చాలు, ఒమేగా-3 అనే మంచి కొవ్వు వాటిలోనూ దండిగా ఉంటుంది. పులుసు పెట్టండి, వేయించకండి.

ఇవేవీ ఓపిక లేనివాళ్ళు పాల ప్యాకెట్ మార్చండి. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6. అదే పెరుగన్నం, అంతే గిన్నె, కొవ్వు రెట్టింపు. నేను చేసేదీ ఇదే.

అభ్యాసం: ఈ నెల 1న ఇంట్లో ఉన్న నూనె, నెయ్యి తూచి రాసుకోండి. నెలలో కొన్నది కలపండి, చివర మిగిలింది, పారబోసింది తీసేయండి. వచ్చినదాన్ని మనుషులతో, రోజులతో భాగించండి. నలుగురు 30 రోజుల్లో 3 లీటర్లు వాడితే, లీటరు 910 గ్రాముల చొప్పున, మనిషికి రోజుకి 23 గ్రాముల లోపే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2000 కేలరీల భోజనానికి చెప్పే నూనె, నెయ్యి మొత్తం 27 గ్రాములు. గింజల్లో, పాలలో ఉన్న కొవ్వు ఈ లెక్కలోకి రాదు. బయట తిన్న పూటలు విడిగా రాయండి. మీ అంకె చేతిలో పెట్టుకుని 5వ పాఠానికి రండి, వేరుశనగలు ఎన్ని తినాలో అక్కడి నుంచే లెక్క వేస్తాం.